మూడు గళ్ళ బ్లింకర్‌ను కాగితం మీద ఆడించడం ఎలా?

"మూడు గళ్ళు పక్కపక్కన నింపాను. నిలువుగా తిరగాలి కదా, తిరగడం లేదు. తప్పు ఎక్కడ?" గేమ్ ఆఫ్ లైఫ్ ప్రస్తావన వచ్చినప్పుడల్లా ఎదురయ్యే ప్రశ్న ఇది. అడిగేవారిలో ఒకరికి ఆ మూడు గళ్ళు ప్లస్ గుర్తుగా మారతాయి, ఒకరికి నాలుగవుతాయి, ఇంకొకరికి పూర్తిగా మాయమవుతాయి. అందరూ "నియమాలు సరిగానే పాటించాను" అనే అంటారు.

ఇందులో ఒక సౌకర్యం ఉంది. ఈ మూడు గళ్ళ ఆకారం పేరే బ్లింకర్. అది చాలా చిన్నది కాబట్టి ఒక్కో రకం తప్పు దాని మీద ఒక్కో రకం ఆకారాన్ని మిగులుస్తుంది. మీకు వచ్చిన తప్పు ఆకారం చూస్తే మీరు ఏం పొరపాటు చేశారో దాదాపుగా చెప్పేయవచ్చు. ముందు సరిగ్గా చేసే పద్ధతి చెప్పి, తర్వాత ఆ తప్పుల సంగతికి వస్తాను. తొందరలో ఉన్నవారు నేరుగా తప్పుల భాగానికి వెళ్ళినా నష్టం లేదు.

నేపథ్యం రెండు ముక్కల్లో: గేమ్ ఆఫ్ లైఫ్ అనేది కేంబ్రిడ్జ్‌లో గణితశాస్త్రవేత్త జాన్ కాన్వే రూపొందించిన సెల్యులార్ ఆటోమేటన్, అంటే ఒకే నియమం ప్రకారం గళ్ళన్నీ అడుగడుగుకూ నిండుతూ ఖాళీ అవుతూ ఉండే ఏర్పాటు. 1970 అక్టోబరులో సైంటిఫిక్ అమెరికన్ పత్రికలో మార్టిన్ గార్డ్‌నర్ తన శీర్షికలో దాని గురించి రాయడంతో లోకానికి తెలిసింది. పేరులో ఆట ఉన్నా ఆటగాళ్ళు లేరు. మొదటి అమరిక మీరు పెడతారు, ఆ తర్వాత జరిగేదంతా నియమమే నడిపిస్తుంది. ఒక ఆకారం కొన్ని అడుగుల తర్వాత అదే చోట అదే రూపానికి తిరిగి వస్తే దాన్ని డోలకం అంటారు. అన్నిటికంటే చిన్న డోలకం, యాదృచ్ఛికంగా నింపిన గళ్ళ నుంచి తరచుగా పుట్టుకొచ్చే డోలకం కూడా, ఈ మూడు గళ్ళ బ్లింకరే.

కావలసినవి

- గళ్ళ నోటుపుస్తకం. పిల్లలు లెక్కలు చేసే పెద్ద గళ్ళ పుస్తకమైతే మరీ మంచిది. గ్రాఫ్ కాగితంలోని మిల్లీమీటరు గళ్ళు ఈ పనికి పనికిరావు, వాటిలో అంకె రాయలేరు.
- పెన్సిలు, రబ్బరు. పెన్ను వద్దు.
- ఇంకో రంగు పెన్సిలు ఉంటే మేలు, లేకపోయినా పని ఆగదు.
- గింజలతో చేయాలనుకుంటే గుప్పెడు చింతగింజలు, మరో రంగువి ఏవైనా కొన్ని. తెల్ల గవ్వలో, చొక్కా గుండీలో చాలు.

కంప్యూటర్ అక్కర్లేదు. నిజానికి మొదటిసారి కంప్యూటర్ లేకుండా చేయడమే మంచిది. తెర మీద గళ్ళు ఎగిరెగిరి పడుతుంటే చూడ్డానికి బాగానే ఉంటుంది కానీ, ఏ గడి ఎందుకు మారిందో మాత్రం బోధపడదు.

నియమం

ప్రతి గడికీ ఎనిమిది పొరుగు గళ్ళు: పైన, కింద, కుడి, ఎడమ, నాలుగు మూలలు. ఒక్కో అడుగు తర్వాత వచ్చే అమరికను తరం అంటారు. తర్వాతి తరంలో ఒక గడి ఏమవుతుందో నిర్ణయించేది ఆ ఎనిమిదింటిలో ఎన్ని నిండి ఉన్నాయన్నదే.

- నిండిన గడికి నిండిన పొరుగులు 2 గానీ 3 గానీ ఉంటే అది నిండుగానే ఉంటుంది.
- అంతకు తక్కువైనా ఎక్కువైనా ఖాళీ అయిపోతుంది.
- ఖాళీ గడికి నిండిన పొరుగులు సరిగ్గా 3 ఉంటే అది నిండుతుంది. లేకుంటే ఖాళీగానే ఉండిపోతుంది.

దీన్నే పొట్టిగా బి3/ఎస్23 అని రాస్తారు. 3 ఉంటే పుట్టుక (బర్త్), 2 లేదా 3 ఉంటే మనుగడ (సర్వైవల్). ఈ పొట్టి రూపాన్ని కాగితం పైభాగాన రాసి పెట్టుకోండి. ప్రతిసారీ గుర్తు తెచ్చుకుంటూ పోతే మూడో తరానికే పుట్టుక, మనుగడ కలిసిపోతాయి.

చేసే విధానం

1. ఐదు వరుసలు, ఐదు నిలువుల చతురస్రం గీయండి. వరుసలకు పై నుంచి కిందికి, నిలువులకు ఎడమ నుంచి కుడికి 1 నుంచి 5 వరకు అంకెలు వేయండి. ఇకపై "3-2" అంటే మూడో వరుస, రెండో నిలువు అని అర్థం. పక్కనే ఇంకో రెండు ఖాళీ చతురస్రాలు ఇదే కొలతతో గీసి ఉంచుకోండి. ఒకటి లెక్కలకు, ఇంకొకటి తర్వాతి తరానికి.

2. మొదటి చతురస్రంలో 3-2, 3-3, 3-4 నింపండి. ఇది సున్నా తరం. ఒకటో తరం అనకండి, ఎందుకో తర్వాత తెలుస్తుంది.

```
· · · · ·
· · · · ·
· ● ● ● ·
· · · · ·
· · · · ·
```

3. రెండో చతురస్రంలో ప్రతి స్థానానికీ నిండిన పొరుగుల సంఖ్య రాయండి. నిండిన మూడింటికే కాదు, ఖాళీగా ఉన్న ఇరవై రెండింటికి కూడా రాయాలి. ఒక గడికి లెక్క వేసేటప్పుడు ఆ గడిని లెక్కలోకి తీసుకోకూడదు, చుట్టూ ఉన్న ఎనిమిదే.

4. మీ లెక్క ఇలా ఉండాలి:

```
0 0 0 0 0
1 2 3 2 1
1 1 2 1 1
1 2 3 2 1
0 0 0 0 0
```

ఒక్క అంకె తేడా ఉన్నా ముందుకు వెళ్ళకండి. ఆ గడి దగ్గరకు వెళ్ళి, పైన మధ్యలో మొదలుపెట్టి గడియారం ముల్లు తిరిగే దిశలో ఎనిమిదింటినీ మళ్ళీ లెక్కించండి. ఎప్పుడూ ఒకే చోట మొదలుపెట్టడం అలవాటు చేసుకుంటే మూలలు మరిచిపోరు.

5. ఇప్పుడు మూడో చతురస్రం తీసుకోండి. సున్నా తరాన్నీ లెక్కల చతురస్రాన్నీ పక్కపక్కన పెట్టుకుని ఒక్కో స్థానానికీ నియమం వర్తింపజేయండి. 3-3 నిండు గడి, లెక్క 2, కాబట్టి ఉంటుంది. 3-2, 3-4 నిండు గళ్ళే, లెక్క 1, కాబట్టి పోతాయి. 2-3, 4-3 ఖాళీ గళ్ళు, లెక్క 3, కాబట్టి నిండుతాయి. 2-2 లాంటి ఖాళీ గళ్ళకు లెక్క 2 ఉంది, కానీ ఖాళీ గడికి 2 చాలదు.

```
· · · · ·
· · ● · ·
· · ● · ·
· · ● · ·
· · · · ·
```

ఇది ఒకటో తరం.

6. ఇంకో రెండు చతురస్రాలు గీసి ఇదే పని మళ్ళీ చేయండి. రెండో తరంలో అడ్డ గీత తిరిగి రావాలి. "అదే కదా వచ్చేది" అని ఊహించి రాసేయకండి. లెక్క వేసి రాయండి, మీ పద్ధతికి పరీక్ష ఇక్కడే.

ఇంతే పని. ఇందులో మొత్తం కిటుకు మూడో, ఐదో మెట్లను వేర్వేరుగా ఉంచడంలో ఉంది. అన్నీ లెక్కపెట్టాకే ఏదైనా మార్చాలి. ఈ ఆటలో గళ్ళన్నీ ఒకే క్షణంలో మారతాయి. మనం మాత్రం ఒక్కొక్కటే చూడగలం, కాబట్టి పాత తరం చెరగకుండా పక్కన ఉండి తీరాలి.

గింజలతో చేస్తే

కాగితం మీద చెరిపి రాయడం విసుగనిపిస్తే గింజలు వాడండి. గార్డ్‌నర్ తన వ్యాసంలో పాఠకులకు రెండు రంగుల బిళ్ళలతో చెప్పిన పద్ధతే ఇది. ఇప్పటికీ ఇంతకంటే మంచిది నాకు కనిపించలేదు.

నిండు గళ్ళలో చింతగింజలు పెట్టండి. చావబోయే ప్రతి గింజ మీదా ఇంకో చింతగింజ పెట్టండి. పుట్టబోయే ప్రతి ఖాళీ గడిలో తెల్ల గవ్వ పెట్టండి. ఇంతవరకు దేన్నీ తీయకూడదు. పొరుగులను లెక్కించేటప్పుడు జంట గింజలను ఒకటిగా లెక్కపెట్టాలి, గవ్వలను అసలు లెక్కపెట్టకూడదు. అన్నీ సరిచూసుకున్నాక జంటలను తీసేసి, గవ్వల స్థానంలో చింతగింజలు పెట్టండి. ఒక తరం పూర్తయింది.

చింతగింజ మీద చింతగింజ నిలబడకపోతే పక్కకు ఆనించి పెట్టండి, లేదా గుండీలు వాడండి. ఫ్యాను కింద కూర్చోవద్దు, కాగితం ఎగిరితే తరం మొత్తం పోతుంది. పిల్లలకు నేర్పాలంటే మాత్రం కాగితం కంటే ఇదే నయం, ఎందుకంటే "చావబోతోంది కానీ ఇంకా చావలేదు" అనే స్థితి వాళ్ళకు కళ్ళ ముందు కనిపిస్తుంది.

సరిగ్గా వచ్చిందో లేదో చూసుకోవడం

అన్నిటికంటే పనికొచ్చే పరీక్ష ఒక కూడిక. లెక్కల చతురస్రంలోని అంకెలన్నీ కూడండి. వచ్చిన మొత్తం, నిండిన గళ్ళ సంఖ్యకు సరిగ్గా ఎనిమిది రెట్లు ఉండాలి. నిండిన ప్రతి గడీ తన ఎనిమిది పొరుగుల లెక్కలోకీ ఒక్కోసారి చేరుతుంది కాబట్టి ఇది తప్పదు. బ్లింకర్‌కు 9, 6, 9 కలిపి 24. మూడు ఎనిమిదులు ఇరవై నాలుగు. తేడా వస్తే లెక్కలో పొరపాటుంది. ఈ పరీక్ష ఎంత పెద్ద ఆకారానికైనా పనిచేస్తుంది, నిండు గడి ఏదీ అంచును తాకకుండా ఉంటే చాలు. అయితే ఒకచోట ఒకటి ఎక్కువ, ఇంకోచోట ఒకటి తక్కువ వేస్తే రెండూ సరిపోయి మొత్తం కుదిరిపోతుంది. అలాంటి జంట తప్పును ఇది పట్టుకోదు.

రెండోది సౌష్ఠవం. బ్లింకర్‌ను అద్దంలో చూసినా, తలకిందులు చేసినా అలాగే ఉంటుంది. కాబట్టి అంకెల చతురస్రం కూడా అలాగే ఉండాలి. కుడివైపు ఒక అంకె, దానికి ఎదురుగా ఎడమవైపు వేరే అంకె ఉంటే వాటిలో ఒకటి తప్పు.

మూడోది స్థానం. రెండో తరంలో అడ్డ గీత వచ్చిందని సంతోషించడం కాదు, అది సరిగ్గా 3-2, 3-3, 3-4 లోనే ఉందా అని చూడాలి. ఆకారం తిరిగి వచ్చి చోటు మారితే అది డోలకం కాదు. ఐదు గళ్ళ గ్లైడర్ అలాంటిదే: నాలుగు తరాలకు అదే రూపం వస్తుంది కానీ మూలవైపు ఒక గడి జరిగి ఉంటుంది.

ఇక తరాల అంకెల విషయం. మూడు బొమ్మలు గీశాను కాబట్టి ఆవర్తనం 3 అనేవాళ్ళు చాలామంది. ఆవర్తనం అంటే బొమ్మల సంఖ్య కాదు, తిరిగి అదే రూపానికి రావడానికి పట్టే అడుగుల సంఖ్య. సున్నా నుంచి రెండో తరానికి రెండే అడుగులు, కాబట్టి బ్లింకర్ ఆవర్తనం 2. మొదటి బొమ్మను సున్నా తరం అనమన్నది ఇందుకే. అలా అంటే సరి తరాలన్నీ అడ్డంగా, బేసి తరాలన్నీ నిలువుగా ఉంటాయి. వందో తరం ఎలా ఉంటుందని ఎవరైనా అడిగితే గీయకుండానే చెప్పవచ్చు.

తప్పు ఆకారం వచ్చిందా? కారణం ఇది

ఇక్కడ చెప్పేవన్నీ అడ్డ బ్లింకర్‌తో, పైన చెప్పిన ఐదు వరుసల చతురస్రంలో, ఒక్క అడుగు వేశాక వచ్చేవి. అందుకే అనుమానం వచ్చినప్పుడు ఎప్పుడూ అడ్డ గీతతోనే పరీక్షించండి.

*నాలుగు గళ్ళు, వంకరగా.* నిండినవి 2-3, 2-4, 3-2, 3-4 అయితే మీరు లెక్కపెడుతూనే మార్చేశారు.

```
· · · · ·
· · ● ● ·
· ● · ● ·
· · · · ·
· · · · ·
```

అన్నిటిలోకీ సాధారణమైన తప్పు ఇదే, ప్రోగ్రాములు రాసేవారిలో అయితే మరీను. ఏం జరిగిందో చూడండి. వరుస వెంట వరుస చూస్తూ 2-3 దగ్గరకు వచ్చారు, మూడు పొరుగులున్నాయి, వెంటనే నింపేశారు. పక్కన 2-4 కు నిజానికి పొరుగులు రెండే. కానీ ఇప్పుడే పుట్టిన 2-3 కూడా లెక్కలో పడి మూడయ్యాయి, అదీ నిండింది. తర్వాత 3-3 కు పైనున్న ఆ రెండు కొత్త గళ్ళు, ఇరువైపులా రెండు పాత గళ్ళు కలిసి నాలుగయ్యాయి, చచ్చిపోయింది. అది పోయేసరికి 4-3 కు పుట్టుక లేదు. ఒక గడి ఒక్క క్షణం ముందు పుట్టడంతో ఇంత జరిగింది.

ఇదే తప్పును వరుసల వారీగా కాక నిలువుల వారీగా చేస్తే బొమ్మ వేరు: మొదటి అడుగులోనే మొత్తం మాయం. 3-2 ముందే చచ్చిపోతుంది, దానితో 3-3 కు ఒక్క పొరుగే మిగులుతుంది, అదీ పోతుంది, చివరికి 3-4 ఒంటరిదై పోతుంది. రెండు ఫలితాలూ ఒకదానికొకటి పోలిక లేకుండా ఉన్నా జబ్బు ఒకటే, మందూ ఒకటే: పాత తరాన్ని ముట్టుకోకుండా కొత్త తరాన్ని వేరే చోట రాయడం.

*మధ్యలో ఒక్క గడి మిగిలింది, తర్వాతి అడుగులో అదీ పోయింది.* రెండు కారణాలుండవచ్చు. మూలల పొరుగులను వదిలేసి నాలుగువైపులే లెక్కపెట్టి ఉంటారు, లేదా నిండు గళ్ళనే చూసి ఖాళీ గళ్ళను పట్టించుకోలేదు. ఏదో తెలుసుకోవాలంటే మీ లెక్కల చతురస్రంలో 2-3 చూడండి. అక్కడ 1 ఉంటే మూలలు వదిలేశారు. అసలు ఏమీ రాయకపోతే రెండో కారణం.

*ప్లస్ గుర్తు, ఐదు గళ్ళు.* పుట్టుకలు సరిగ్గా జరిగాయి, చావులు జరగలేదు. నిండు గడిని దాని లెక్కలో అదే కలుపుకుంటే చివరి గళ్ళకు 1 బదులు 2 వస్తుంది, బతికిపోతాయి. లేదా లెక్క సరిగ్గానే వేసి పాత గళ్ళను చెరపడం మరిచిపోయారు. రబ్బరుతో ఒకే చతురస్రం మీద చేసేవారికి ఈ రెండోది ఎక్కువ.

*పైనా కిందా మూడేసి, మధ్యలో ఒకటి, మొత్తం ఏడు.* ఖాళీ గడికి 2 ఉన్నా నింపేశారు. "రెండు లేదా మూడు" అన్నది నిండు గడికే.

*2-3, 4-3 నిండి, మధ్యలో ఖాళీ.* నిండు గడికి కూడా 3 తప్పనిసరి అనుకున్నారు. రెండుతో కూడా అది బతుకుతుంది.

వీటిలో ఏదీ కాకుండా ఇంకేదో వచ్చిందంటే, సాధారణంగా రెండు తప్పులు కలిశాయని అర్థం. అప్పుడు బుర్ర బద్దలు కొట్టుకోవడం దండగ. కొత్త కాగితం తీసుకుని నాలుగో మెట్టులోని అంకెలతో పోల్చుకుంటూ రండి.

అంచుల దగ్గర జాగ్రత్త

గేమ్ ఆఫ్ లైఫ్ అసలు ఆడేది హద్దుల్లేని గళ్ళ మైదానంలో. మన కాగితానికి హద్దులున్నాయి. అడ్డ బ్లింకర్‌ను మొదటి వరుసలోనే పెడితే పైన పుట్టాల్సిన గడికి చోటు ఉండదు. రెండే గళ్ళు మిగులుతాయి, ఆ తర్వాత అవీ పోతాయి. ఇది నియమం తప్పు కాదు, కాగితం తప్పు. ఆకారం ఎంతవరకు విస్తరిస్తుందో దానికి చుట్టూ ఇంకో వరుస ఖాళీ ఉండేలా గీసుకోండి. బ్లింకర్ రెండు రూపాలూ మూడు వరుసల చతురస్రంలో పడతాయి కాబట్టి మనం ఐదు గీశాం.

కొన్ని ప్రోగ్రాములు కుడి అంచును ఎడమ అంచుతో, పై అంచును కింది అంచుతో కలిపేస్తాయి. పెద్ద మైదానంలో ఇబ్బంది లేదు. మరీ చిన్నదైతే వింతలు జరుగుతాయి: అంచులు కలిపిన మూడు వరుసల చతురస్రంలో బ్లింకర్ పెడితే ప్రతి గడికీ మిగిలిన ఎనిమిదీ పొరుగులే అవుతాయి. ఒక్క అడుగులో తొమ్మిది గళ్ళూ నిండిపోతాయి, తర్వాతి అడుగులో తొమ్మిదీ పోతాయి. నాలుగు వరుసలుంటే మాత్రం బ్లింకర్ మామూలుగానే ఆడుతుంది.

ఒకే కాగితం మీద రెండు బ్లింకర్లు పెట్టాలనిపిస్తే ఒకదాని నడిమి గడి నుంచి ఇంకోదాని నడిమి గడికి ఆరు గళ్ళ దూరం ఉంచండి. ఒకదాని జోలికి ఇంకొకటి రాదు.

స్ప్రెడ్‌షీట్‌లో, ప్రోగ్రాములో

కాగితం మీద చేయి తిరిగాక స్ప్రెడ్‌షీట్‌కు వెళ్ళవచ్చు. ఎక్సెల్, గూగుల్ షీట్స్, లిబర్ ఆఫీస్ ఏదైనా ఫర్వాలేదు. నిండుకు 1, ఖాళీకి 0 వాడండి. పైన ఒక చతురస్రంలో సున్నా తరం అంకెలు వేయండి. దాని కింద అదే కొలతతో ఇంకో చతురస్రం, అందులో సూత్రాలు. ఆ సూత్రాలు పై చతురస్రాన్నే చూడాలి, తమ చతురస్రాన్ని చూడకూడదు. అలా చూస్తే వలయాకార సూచన ఉందని ప్రోగ్రామే గగ్గోలు పెడుతుంది. రెండో చతురస్రం కుదిరాక దాన్ని కిందికి అతికించుకుంటూ పోతే తరం కింద తరం వరుసగా వచ్చేస్తాయి. చతురస్రాల మధ్య ఒకటి రెండు ఖాళీ వరుసలు వదలడం మరవకండి, లేకుంటే పై తరం అంచు కింది తరం లెక్కలో దూరుతుంది.

సూత్రాన్ని సులువు చేసే మార్గం ఒకటుంది. గడినీ దాని ఎనిమిది పొరుగులనూ కలిపి తొమ్మిది అంకెల మొత్తం తీసుకోండి. మొత్తం 3 అయితే జవాబు 1. మొత్తం 4 అయితే ఆ గడి ఇప్పుడు ఎలా ఉందో అలాగే. మిగతా అన్నిటికీ 0. నిండు గడికి రెండు పొరుగులున్నా, ఖాళీ గడికి మూడున్నా మొత్తం మూడే కదా. నాలుగు వచ్చిందంటే నిండు గడికి మూడు పొరుగులున్నట్టు, లేదా ఖాళీ గడికి నాలుగున్నట్టు. రెండు సందర్భాల్లోనూ మార్పు లేదు. కాగితం మీద మాత్రం ఈ పద్ధతి వాడకండి. తనను కలుపుకోవాలా వద్దా అన్న గందరగోళం కొత్తవారికి ప్లస్ గుర్తు తెచ్చిపెడుతుంది.

పైథాన్‌లో రాసేవారికి మూడు హెచ్చరికలు. ఒక జాబితాను ఇంకో పేరుకు కేటాయిస్తే నకలు తయారుకాదు, అదే జాబితాకు రెండో పేరు వస్తుంది. రెండు చతురస్రాలున్నాయని మీరు అనుకుంటారు, ఉన్నది ఒకటే, ఫలితం పైన చూసిన వంకర నాలుగు గళ్ళు. రెండు, సున్నాల వరుసను ఐదుతో గుణించి చతురస్రం చేస్తే ఐదు వరుసలూ ఒకే వరుస అవుతాయి. మూడు గళ్ళు నింపబోతే మూడు నిలువులు పై నుంచి కిందిదాకా నిండిపోయి కనిపిస్తాయి. మూడు, సూచిక -1 అంటే అక్కడ "చివరిది" అని అర్థం, కాబట్టి పై అంచు, ఎడమ అంచు చడీచప్పుడు లేకుండా అవతలి అంచుతో కలిసిపోతాయి. కింది అంచు, కుడి అంచు దగ్గర మాత్రం ప్రోగ్రాము దోషం చూపి ఆగుతుంది. సగం అంచులే పనిచేస్తున్నాయంటే కారణం ఇదే.

బ్లింకర్ వచ్చాక ఏం చేయాలి

తర్వాత ప్రయత్నించే డోలకాల్లో బీకన్ తేలిక. నాలుగేసి గళ్ళ చతురస్రాలు రెండు, మూలతో మూల ఆనేలా పెట్టండి. ఆనిన రెండు గళ్ళూ ఒక అడుగులో పోతాయి, ఇంకో అడుగులో తిరిగి వస్తాయి. గళ్ళ సంఖ్య 8, 6, 8, 6 గా నడుస్తుంది. ఆరు వరుసల చతురస్రం సరిపోతుంది.

టోడ్ అనే ఇంకో డోలకానికి ఒక వరుసలో మూడు, కింది వరుసలో ఒక గడి ఎడమకు జరిపి మూడు. దీని రెండు రూపాలూ ఇవి:

```
· · · · · ·      · · · · · ·
· · · · · ·      · · · ● · ·
· · ● ● ● ·      · ● · · ● ·
· ● ● ● · ·      · ● · · ● ·
· · · · · ·      · · ● · · ·
· · · · · ·      · · · · · ·
```

రెండింటిలోనూ ఆరే గళ్ళు. ఇందులో లెక్క 4 వచ్చే నిండు గళ్ళు నాలుగున్నాయి, బ్లింకర్‌లో అలాంటివి లేవు. కాబట్టి "ఎక్కువైనా చావే" అన్న భాగాన్ని మీరు సరిగ్గా పాటిస్తున్నారో లేదో తేల్చేది టోడే.

చేతికి మంచి పని కావాలంటే ఐదు గళ్ళ వరుస తీసుకోండి. పదకొండు వరుసల చతురస్రం గీసి, ఆరో వరుసలో 4 నుంచి 8 వరకు నిలువులు నింపండి. ఒకటో తరంలో మూడు వరుసల నిండు చతురస్రం, రెండో తరంలో మధ్య ఖాళీగా ఉన్న వజ్రాకారం:

```
· · ● · ·
· ● · ● ·
● · · · ●
· ● · ● ·
· · ● · ·
```

ఇక్కడి నుంచి మీరే చేయండి. సున్నా తరం నుంచి గళ్ళ సంఖ్యలు వరుసగా 5, 9, 8, 12, 12, 20, 12 రావాలి. ఆరో తరంలో నాలుగు బ్లింకర్లు నాలుగు దిక్కులా నిలబడతాయి: మూడో వరుసలో, తొమ్మిదో వరుసలో 5, 6, 7 నిలువులు, మూడో నిలువులో, తొమ్మిదో నిలువులో 5, 6, 7 వరుసలు. దీని పేరు ట్రాఫిక్ లైట్. ఒకటో తరం నుంచి ప్రతి బొమ్మా నాలుగు వైపులా ఒకేలా ఉండాలి, కాబట్టి ఏ తరంలో సౌష్ఠవం చెడిందో అక్కడే ఆగి వెతకండి. అందరూ తడబడేది ఇరవై గళ్ళ ఐదో తరం దగ్గర. దానికి అంకెల కూడిక 160 రావాలి.

నాలుగు గళ్ళ వరుస, ఆరు గళ్ళ వరుస కూడా ప్రయత్నించవచ్చు కానీ వాటిలో డోలకం దొరకదు. నాలుగు రెండో తరానికే కదలని తేనెపట్టు గడిలా స్థిరపడుతుంది, ఆరు చివరికి మాయమవుతుంది. పది గళ్ళ వరుస పెంటాడెకాథ్లాన్ అనే డోలకంగా మారుతుంది, దాని ఆవర్తనం 15. ఒక చుట్టు పూర్తవ్వాలంటే అన్ని తరాలు గీయాలి, అది కాగితానికి తగిన పని కాదు. గోలీ అనే ఉచిత ప్రోగ్రాము దించుకుని అందులో ఒక్కో అడుగూ వేయించుకుంటూ చూడండి. ఇంకా పెద్ద ఆవర్తనాల కోసం వెతికేవారికి ఒక కబురు: 19, 41 ఆవర్తనాల డోలకాలు 2023లో దొరకడంతో, ఇప్పుడు ఏ సంఖ్య చెప్పినా ఆ ఆవర్తనం గల డోలకం ఉందని తేలిపోయింది.

చేత్తోనే ఇంకొకటి చేసి తీరాలి అనే పట్టుదల ఉన్నవారికి పల్సార్ అనే డోలకం సరైనది. ఆవర్తనం 3, గళ్ళు 48, 56, 72, మళ్ళీ 48. అతి పెద్ద రూపం పదిహేను వరుసల చతురస్రంలో పడుతుంది కాబట్టి పదిహేడు గీసుకోండి. నాలుగు భాగాలూ ఒకేలా ఉంటాయి కదా అని ఒక భాగమే లెక్క వేసి మిగతావి చూసి రాసేయకండి. కనీసం రెండు భాగాలు విడివిడిగా లెక్క వేసి ఒకదానితో ఒకటి పోల్చుకోండి.